కేంద్రకంలో ఇద్దరు పోచన్నలు

జెబెల్ అలీ రోడ్డు మీద పొద్దున్నే కారు నడిపేవాళ్లలో నిద్ర చాలినవాడు ఒక్కడూ కనబడడు. మహీధర్‌కి నిద్ర చాలక నాలుగేళ్లయింది. షార్జాలో అల్ నహ్దా నుంచి చీకటితోనే బయల్దేరి, ముందు లారీ వెనక దీపాలు చూస్తూ, బ్రేకు మీద కాలు పెట్టి తీసి, పెట్టి తీసి, ఫ్రీ జోన్‌లో తన గిడ్డంగుల కంపెనీకి చేరేసరికి మనిషి సగమైపోయేవాడు. మిగిలిన సగాన్ని ఆఫీసు తినేది. సాయంత్రం మళ్లీ అదే రోడ్డు, అవే లారీలు. అంతా అయ్యాక ఒంట్లో ఏమన్నా మిగిలి ఉంటే, అది ఫిజిక్సుకి.

అవును, ఫిజిక్సుకే. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో పట్టిన పిచ్చి. పెళ్లయి, దుబాయ్ వచ్చి, కంప్యూటర్ ముందు గుమాస్తా ఉద్యోగంలో పడ్డాక వదిలిపోతుందనుకున్నారంతా. వదల్లేదు. నలభై దాటాక షార్జాలో ఒక యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరాడు. ఆఫీసువాళ్లు నవ్వారు. బంధువులు ఫోన్ చేసి మరీ నవ్వారు. భార్య అలేఖ్య మాత్రం నవ్వలేదు. ఆవిడకి తెలుసు, ఈయన ఒకటి పట్టుకుంటే ఇంటిల్లిపాదీ మోయాల్సి వస్తుందని.

ఇంతకీ ఆయన పట్టుకున్నదేమిటంటే, పరమాణువు నడుమ ఉండే కేంద్రకం. దాన్ని ఏదన్నా కణంతో కొడితే శక్తి పుంజుకుంటుంది. ఆ శక్తి ఎంత పడితే అంత ఉండదు, మెట్ల మీద నిలబడ్డట్టు కొన్ని స్థాయిల్లోనే నిలుస్తుంది. కింది మెట్లు ఎడంగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ ఇరుకు. ఫలానా మెట్టు ఎక్కడుంటుందో ముందుగా చెప్పడం మహామహుల వల్ల కూడా కాదు గానీ, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడాలన్నీ పోగేసి లెక్కతీస్తే ఒక తీరు బయటపడుతుంది. బరువైన కేంద్రకాల్లో ఒకే జాతి మెట్లు ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. అల్ నహ్దా బ్యాచిలర్ ఫ్లాట్లలో చూడండి, సొంత ఊరివాడు పక్క మంచం మీదికొస్తున్నాడంటే ఇక్కడి సంగతులన్నీ ఇంటికి చేరతాయని గది మారేవాళ్లుంటారు. అదే తంతు.

మరి తేలికైన కేంద్రకాల మాటేమిటి? వాటిలో ఉండేవే పాతికో ముప్ఫయ్యో కణాలు. అంత చిన్న సంసారంలో గణాంకాలేమిటని పెద్దవాళ్ల అనుమానం. మహీధర్ అల్యూమినియం లాంటి ఒక తేలిక కేంద్రకాన్ని తీసుకుని, దేశదేశాల ప్రయోగశాలలు ఎన్నో ఏళ్లుగా కొలిచిన స్థాయిలన్నీ పోగేసి, శుభ్రం చేసి, లెక్క కట్టాడు. అక్కడా మెట్లు దూరం పాటిస్తున్నాయి! ఏ ఎడం ఎన్నిసార్లు వచ్చిందో చూపే ఆ గీత చూస్తే ముచ్చటేసేది. సున్నా దగ్గర నేలకి అంటుకుని, మెల్లగా లేచి, నడుమ ఉబ్బి, మళ్లీ దిగిపోతుంది. ఎడమ చివర ఖాళీ. అంటే దగ్గరదగ్గరగా ఉన్న మెట్లే లేవన్నమాట. ఆ ఖాళీ కోసమే ఆయన నాలుగేళ్ల సెలవురోజులు ఇచ్చేశాడు. కూతురు సంజన స్కూలు ఫంక్షన్లన్నీ ఫోన్లో చూశాడు.

ఇప్పుడు ఒడ్డు కనబడుతోంది. గురువారం నాడు ఆఖరి సెమినార్. గైడ్ డాక్టర్ హనాన్ జోర్డాన్ ఆవిడ, పొగడ్త తెలియని మనిషి. ఆవిడే అంది, "గట్టెక్కుతావు మహీ" అని. గట్టెక్కితే అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం మాట కూడా అయింది. ఇంటి నుంచి యూనివర్సిటీ దగ్గరే. జెబెల్ అలీ రోడ్డుకి శాశ్వతంగా దండం. గట్టెక్కకపోతే గడువు ఈ సెమిస్టర్‌తో ఖలాస్. ఇచ్చిన పొడిగింపులన్నీ వాడేసుకున్నాడు, ఇంకొకటి లేదు. డాక్టర్ బిరుదు కన్నా ఆ రోడ్డు తప్పిపోవడమే ఆయనకి ఎక్కువ ఆశ. నలభై నాలుగేళ్ల మనిషికి అదేం చిన్న ఆశ కాదు.

మంగళవారం పొద్దున ఆఫీసులో కూర్చుని చాయ్ తాగుతుంటే గేటు నుంచి ఫోనొచ్చింది. కాపలా ఉండే నూర్ మొహమ్మద్ పెషావర్ మనిషి, గొంతు పెద్దది. "సాబ్, యహాఁ ఏక్ ఆద్మీ హై, సిస్టమ్ బోల్తా హై వో అందర్ హై," అన్నాడు. మనిషేమో గేటు బయట, సిస్టమేమో లోపలున్నాడంటోంది. ఎవరిని నమ్మాలో నూర్ మొహమ్మద్‌కి తెలుసు. సిస్టమ్‌నే.

మహీధర్ విసుక్కుంటూ ఎండలోకి నడిచాడు. పనివాళ్ల వివరాలన్నీ చూసే డెస్కు ఆయనది. నాలుగేళ్ల కిందట కొత్త గేటు సిస్టమ్ వచ్చాక ఒకే మనిషి పేరు రెండుసార్లు ఎక్కడం ఎక్కువైపోయింది. ముదీర్, అంటే మేనేజరు, అరుస్తుంటే చూడలేక ఆయనే ఒక ప్రోగ్రామ్ రాశాడు. పేరూ, తండ్రి పేరూ, పుట్టిన తేదీ ఒకటై, పాస్‌పోర్ట్ నంబర్‌లో ఒక్క అంకె మాత్రం తేడా ఉంటే అది టైపింగ్ తప్పు. ఇద్దరు కాదు, ఒక్కడే. రెండోదాన్ని తీసెయ్. ముదీర్ భుజం తట్టాడు కూడా. ఆ ప్రోగ్రామ్ మొన్న ఆదివారం కొత్తగా చేరినవాళ్ల మీద మళ్లీ నడిచింది.

గేటు దగ్గర ఒక పొడుగాటి మనిషి టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"నమస్తే సారు. మీరు తెలుగోళ్లేనట గద. జర చెప్పుండ్రి సారు ఈయనకు. నేను పోచన్నను."

"నువ్వు లోపలే ఉన్నట్టు చూపిస్తోందయ్యా," అన్నాడు మహీధర్.

"లోపటున్నోడు గూడ పోచన్ననే సారు. గాని ఆయన నేను గాదు."

మహీధర్ ఫోన్లో వివరాలు తీశాడు. పోచన్న, తండ్రి రాజన్న, జనవరి ఒకటి. ఊరు జగిత్యాల పక్కన. "మీ నాన్న పేరు?"

"రాజన్న."

"మరి అతని నాన్న పేరు?"

"రాజన్ననే సారు. మా నాయిన పెద్ద రాజన్న, వాళ్ల నాయిన చిన్న రాజన్న. సొంత అన్నదమ్ములు. పాస్‌పోర్టుల పెద్ద, చిన్న రాయరు గద సారు. మా ఇంట్ల అందరికీ దేవుండ్ల పేర్లే. పోచమ్మ మొక్కుకు మా ఇద్దరికీ పోచన్న అనే పెట్టిండ్రు."

"పుట్టిన తేదీ కూడా ఒకటేనా?"

పోచన్న నవ్వాడు. ఆ నవ్వులో ఇదే ప్రశ్న ఎన్నో కౌంటర్ల దగ్గర విన్న అలసట ఉంది. "ఎవల్కి ఎర్క సారు అసలు తారీఖు? బడిల సారు ఇద్దర్నీ ఒక్కనాడే చేర్చుకుండు. ఇద్దరికీ ఒక్కటే రాసిండు. పాస్‌పోర్టుకు గూడ ఒక్కనాడే పోయినం. లైన్ల ఆయన ముంగట, నేను ఎన్కకు."

అందుకే నంబర్లు వరసగా వచ్చాయి. ఆఖరి అంకె ఒక్కటే తేడా. మహీధర్‌కి విషయం అర్థమైపోయింది గానీ నూర్ మొహమ్మద్‌కి కాలేదు. చేతులు కట్టుకుని, "దోనోఁ కో సాథ్ దిఖాఓ సాబ్," అన్నాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూపిస్తే అప్పుడు నమ్ముతాడట.

లోపలికి కబురెళ్లింది. కాసేపటికి రెండో పోచన్న వచ్చాడు. పొట్టిగా, బొద్దుగా, మీసాలతో, పని మధ్యలో పిలిచారని చిరాగ్గా. గేటు కమ్మీకి ఒకడు ఇటూ ఒకడు అటూ నిలబడ్డారు. పోలిక అంటూ ఏమీ లేదు. గుడ్డివాడు తడిమినా ఇద్దరని చెబుతాడు.

"దో హైఁ," అన్నాడు నూర్ మొహమ్మద్, తనే కనిపెట్టినట్టు.

"ఐతారం సంది గిదే లొల్లి సారు," అన్నాడు పొడుగు పోచన్న. "క్యాంపుల పండుకొమ్మంటరు, గేటు కాడికొస్తే లేవంటరు. లేకుంట నేనెట్ల నిలబడ్డ సారు ఈడ?"

మహీధర్ సారీ చెప్పాడు. డెస్కు దగ్గరికెళ్లి తీసేసిన పోచన్నని మళ్లీ చేర్చాడు. చిటికెలో పని. గేటు తెరుచుకుంది, పోచన్న డబ్బా ఊపుకుంటూ లోపలికెళ్లాడు. అక్కడితో అయిపోవాల్సింది.

చల్లారిన చాయ్ చేతిలోకి తీసుకున్నాడు. తాగలేదు. పేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, తేదీ ఒకటే, ఆఖరి అంకె తేడా. ఒక్కడే అనుకుని తీసెయ్. ఈ నియమం ఆఫీసు కోసం రాసిందే గానీ, ఆఫీసులోనే ఉండిపోలేదు. థీసిస్ మొదలుపెట్టిన ఏడాది, ఇంట్లో కునుకుపాట్లు పడుతూ స్థాయిల డేటా శుభ్రం చేస్తున్నప్పుడు, మళ్లీ కొత్తగా ఎవడు రాస్తాడులే అని ఆఫీసు ప్రోగ్రామ్‌నే తెచ్చి దానికీ తగిలించాడు. ఒక ప్రయోగశాల ఒక స్థాయి ఇక్కడుందంటే, ఇంకో ప్రయోగశాల వెంట్రుకవాసి పైన ఉందనేది. స్థాయి ఏ జాతిదో చెప్పే గుర్తులు, స్పిన్ ఒకటే, పారిటీ ఒకటే. అయితే కొలతలో తేడా, స్థాయి ఒక్కటే. తీసెయ్. తర్వాత ఆ సంగతే మరిచిపోయాడు.

కప్పు బల్ల మీద పెట్టేశాడు.

స్పిన్, పారిటీ కాకుండా ఇంకో గుర్తుంది. ఐసోస్పిన్ అంటారు. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ లోపల ఏ తీరుగా పొత్తు కలిశాయో చెప్పే గుర్తు. కొలవడం కష్టం, చాలా స్థాయిలకి ఎవరూ కొలవలేదు. పాస్‌పోర్టులో రాయని పెద్ద, చిన్న లాంటిది. అది వేరైతే, మిగతావన్నీ కలిసినా రెండు స్థాయిలు పక్కపక్కనే హాయిగా ఉండొచ్చు. ఇది ఆయనకి తెలియంది కాదు. ఆ గుర్తు గురించి థీసిస్‌లో ఒక అధ్యాయమే రాశాడు, మహానుభావుడు.

భోజనాల వేళ అందరూ వెళ్లాక లాప్‌టాప్ తీశాడు. తీసేసిన జంటలన్నీ బయటికి లాగాడు. ఒక చిన్న ఆశ మిగిలింది. అవి నిజంగానే ఒక్కటేమో, కొలత తేడాలేమో. దానికి పరీక్ష ఏమిటో నూర్ మొహమ్మద్ పొద్దునే చెప్పాడు. ఇద్దరినీ పక్కపక్కన చూపించు. ఒకే ప్రయోగంలో, ఒకే డిటెక్టర్ ముందు, రెండూ విడివిడిగా కనబడ్డాయా? పాత పత్రాలు ఒక్కొక్కటే తెరిచాడు. కొన్ని జంటలు నిజంగానే ఒకటి. కొన్నిటి సంగతి ఎవరూ చెప్పలేరు. చాలా వాటిలో మాత్రం రెండు శిఖరాలు ఒకదాని పక్కన ఒకటి, పొడుగూ పొట్టీ, స్పష్టంగా నిలబడి ఉన్నాయి.

వాటిని మళ్లీ చేర్చి గీత వేశాడు. ఎడమ చివర, సున్నా పక్కన, ఇన్నాళ్లూ తనని మురిపించిన ఖాళీలో స్తంభాలు లేచాయి. ఆ ఖాళీ ప్రకృతిది కాదు. తను చేసింది. మెట్లు దూరం పాటించలేదు, దగ్గరున్నవాటిని తనే ఏరి పారేశాడు. మిగిలిన గీత దూరం పాటించేవాళ్లదీ కాదు, పట్టించుకోనివాళ్లదీ కాదు. మధ్యలో ఏదో నీరసంగా వాలి ఉంది. అంత కొద్ది స్థాయిలతో దాన్నుంచి గట్టిగా తేల్చగలిగేది ఏమీ లేదు.

ఏడవాలనిపించింది. ఆఫీసులో ఏడిస్తే ముదీర్ అడుగుతాడు. మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర అలేఖ్యకి చెప్పాడు. ఆవిడ ఫిజిక్సు చదవలేదు, క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తుంది. కానీ నాలుగేళ్లుగా వింటూ వింటూ ఆ గీత ఆవిడకీ కంఠతా వచ్చేసింది.

"ఇది ఇంకెవరికైనా తెలుసాండీ?"

"లేదు."

"మీ మేడమ్ గారికి?"

"లేదు. నేను చెబితే తప్ప తెలియదు. బయటినుంచి వచ్చే పరీక్షకుడికి కూడా తెలిసే దారి లేదు."

అలేఖ్య గరిటె గిన్నెలో పడేసింది. "అయితే ఎందుకు చెప్పడం? డిగ్రీ రానివ్వండి. తర్వాత సరిదిద్దుకోండి, ఎవరు కాదన్నారు? ఎవరో పోచన్నలు గేటు దగ్గర ఆగిపోయారని మన బతుకు కూడా ఆగిపోవాలా?"

"అది కాదు అలేఖ్యా..."

"మరేంటి? నేనూ అలిసిపోయానండీ. మీరొక్కరే కాదు. మీరు స్టీరింగ్ మీద కునుకు తీస్తారేమోనని రోజూ మీరు చేరిన మెసేజ్ వచ్చేదాకా నాకు ఇడ్లీ దిగదు. ఆ రోడ్డు పోతుందని చెప్పారు. చెప్పారా లేదా?"

చెప్పాడు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే బాధ. సంజన గదిలోంచి తొంగి చూసి, మళ్లీ తలుపు వేసుకుంది.

బుధవారం డాక్టర్ హనాన్‌కి మెసేజ్ రాశాడు. చెరిపేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ చెరిపేశాడు. స్లైడ్లలో పాత గీత అలాగే ఉంది. మార్చడానికి చెయ్యి రాలేదు. మార్చకూడదని నిర్ణయించుకున్నాడని కూడా చెప్పలేం. అలిసిపోయిన మనిషి నిర్ణయాలు తీసుకోడు, ఏం జరిగితే అది జరగనిస్తాడు.

గురువారం సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్లాడు. కారెక్కిన కాసేపటికే వచ్చేసింది. ఇంత దగ్గరా అని మళ్లీ అనుకున్నాడు. హాల్లో డిపార్ట్‌మెంట్ వాళ్లు కొందరు, ముందు వరసలో డాక్టర్ హనాన్, గోడ మీది స్క్రీన్‌లో వేరే దేశం నుంచి బయటి పరీక్షకుడు. నెరిసిన జుట్టు, మంచి మొహం. మహీధర్ మాట్లాడాడు. నాలుగేళ్లుగా నలిగిన మాటలు కాబట్టి వాటంతట అవే వచ్చాయి. పాత గీత తెర మీద పడగానే వెనక ఎవరో మెచ్చుకోలుగా గొణిగారు. డాక్టర్ హనాన్ చిన్నగా తలూపింది. ఆవిడ అలా తలూపడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

పరీక్షకుడు ఒకటి రెండు ప్రశ్నలు వేశాడు, జవాబులు బాగానే వచ్చాయి. ఆఖర్న కాగితాలు సర్దుకుంటూ, అందరినీ అడిగే ప్రశ్నే మర్యాదకి అడిగాడు. "డేటాలో ఒకే స్థాయి రెండుసార్లు పడినవి ఉంటాయి కదా. అవన్నీ తీసేశారా?"

దీనికి జవాబు అవును. ఎవరైనా అవుననే అంటారు, ఆయన థాంక్యూ అంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. ఆ అవును మహీధర్ నాలుక చివరికొచ్చింది. ఇంటికి దగ్గరి ఉద్యోగం దానికి ఆనుకునే ఉంది.

"తీసేశాను," అన్నాడు. "కానీ వాళ్లు ఒక్కరు కాదు సర్. ఇద్దరు మనుషులు."

పరీక్షకుడు చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకున్నాడు, లైను సరిగా లేదనుకున్నాడు కాబోలు. డాక్టర్ హనాన్ వెనక్కి వాలింది.

"స్థాయిలు," అని దిద్దుకున్నాడు మహీధర్. "స్థాయిలు సర్. రెండు వేర్వేరు స్థాయిల్ని నేను ఒకటనుకున్నాను. చాలా చోట్ల. మీరు చూస్తున్న ఖాళీ నేను చేసిందే. వాటిని తిరిగి చేరిస్తే ఈ గీత నిలబడదు. ఈ కేంద్రకం గురించి ఇంత కొద్ది స్థాయిలతో నేను ఏమీ తేల్చలేను."

తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు గానీ ఆయనకి సగమే వినబడింది. పరీక్షకుడు మంచివాడే, మళ్లీ లెక్కకట్టి రమ్మన్నాడు. మళ్లీ రావడానికి గడువు లేదని ఆయనకి తెలియదు. హాలు ఖాళీ అయ్యాక డాక్టర్ హనాన్ వరండాలో పక్కకొచ్చి నిలబడింది. "నాకు ముందే చెప్పాల్సింది," అంది. మహీధర్ తలొంచుకున్నాడు. "ముందే చెప్పి ఉంటే నేనేమనేదాన్నో నాకూ తెలియదు. అందుకే కోపమొస్తోంది," అంది మళ్లీ. పొడిగింపు కోసం ఒకసారి అడిగి చూస్తానంది. ఆ మాట ఇద్దరూ నమ్మలేదు. ఆ ఉద్యోగం ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా ఉంది. వెలుగుండగా ఇంటికి రావడం ఆయనకి అలవాటు లేదు, లిఫ్టులో వాచీ చూసుకున్నాడు. అలేఖ్య తలుపు తీసి మొహంలోకి చూసింది. ఇక అడగాల్సిందేమీ లేకపోయినా అడిగింది.

"చెప్పేశారా?"

"చెప్పేశాను."

ఆవిడ లోపలికెళ్లి కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, పప్పు వేసింది, ఎదురుగా కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముందే ఏడ్చినట్టుంది. రేపు శుక్రవారం, ఒంటిపూట ఆఫీసు. జెబెల్ అలీ రోడ్డు ఎక్కడికీ పోలేదు, పోదు కూడా.

"ఆ పోచన్నలు పనికి వెళ్తున్నారా?" అంది అలేఖ్య ఉన్నట్టుండి.

"వెళ్తున్నారు."

"ఇద్దరూనా?"

మహీధర్ కలుపుతున్న ముద్ద వదిలేసి తలెత్తాడు. ఆవిడ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది. తాగి, కళ్లు తుడుచుకుని, "ఇద్దరూ," అన్నాడు.